మూడు కొడితే బయటికి

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకు కడిగించారు. ఎండలు ముదరకముందే కడిగించాలని మీటింగులో తీర్మానించుకుని, ఎండలు ముదిరాక కడిగించడం మా అసోసియేషన్ వాళ్ళ ఆచారం. ఆ వేళకి నేను మేడమీద మినపవడియాలు పెట్టుకుని ఉన్నాను. వాళ్ళ పైపులూ బక్కెట్లూ నా వడియాల మీదికి ఎక్కడొస్తాయోనని గొడుగేసుకుని కాపలా కూర్చున్నాను. వచ్చినవాళ్ళు ఇద్దరు. సన్నగా ఉన్నతను ట్యాంకు మూతలోంచి లోపలికి దిగిపోయాడు. రెండో అతను పైన గట్టుమీద కూర్చుని, చేతిలో పానాతో ఇనపనిచ్చెన మీద ఉండుండి కొడుతున్నాడు. "ఎందుకయ్యా ఆ మోత? ఏం కావాలో పిలిచి చెప్పచ్చుగా?" అన్నాను విసుగ్గా. "లోపలున్నోడికి కేకేత్తే అంతా రొదేగానండీ మాట తెలవదండీ. కొడితే తెలుత్తదండీ" అన్నాడు. ఎన్ని కొడితే ఏమిటని అడిగాను. వడియాల దగ్గర కూర్చున్న ముసలావిడకి ఈ ఆరా దేనికన్నట్టు నన్నొకసారి చూసి, "ఒకటి కొడితే ఆగమనండీ. రెండు కొడితే కానీమనండీ. మూడు కొడితే బయటికొచ్చెయ్యమనండీ" అన్నాడు. ఎవరు నేర్పారంటే వాళ్ళ మేస్త్రి అన్నాడు. ఆ మేస్త్రికి ఎవరు నేర్పారో అతనికి తెలియదు. నాకు తెలుసు. గొడుగు పక్కన పెట్టి కూర్చున్నాను. వడియాల మీద కాకి వాలినా లేవబుద్ధి కాలేదు.

మాది కంకిపాడు దగ్గర పల్లె. మా నాన్న వరీ మినుమూ పండించేవాడు. రైలు గురించి మా ఇంట్లో అందరికీ తెలిసిందల్లా, దాన్ని బెజవాడలో ఎక్కాలని, పెందరాళే వెళ్ళకపోతే కూర్చోడానికి చోటు దొరకదని. అలాంటి ఇంటికి రైల్వే సంబంధం వచ్చింది. పిల్లవాడు బ్యాంకు గుమాస్తా, తండ్రి బెజవాడ లోకోషెడ్డులో బాయిలరు మేస్త్రి, కాపురం రైల్వే క్వార్టర్సులో. "బళ్ళు కదుల్తాయిగానీ ఆ ఉద్యోగం కదలదే" అని మా నాన్న మా అమ్మకి నచ్చజెప్పాడు. పెళ్ళిచూపులనాడు కాబోయే మావగారు తెల్లచొక్కా, తెల్లపంచెతో మా వసారాలో ఇనపకుర్చీలో చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నారు. మా నాన్న మర్యాదకి, "మా పిల్లకి వంట అంతంతమాత్రమేనండీ, మీరే నేర్పుకోవాలి" అన్నాడు. ఎవరైనా ఏమంటారు? అబ్బే, అదేం మాటండీ అంటారు. మావగారు తలూపి, "అంతేగా మరి" అన్నారు. మా నాన్న కాస్త తడబడి, "ఒక్కతే ఆడపిల్లని గారం చేశామండీ, కొంచెం మొండిది" అన్నాడు. "అంతేగా మరి" అన్నారాయన, ఇంకాస్త ప్రసన్నంగా. తలుపు వెనక నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు ఆయన పక్కనున్న మా అత్తగారు, తాగేసిన కాఫీ గ్లాసు అడుగుతో ఆ కుర్చీ చేతిమీద ఠంగుమని ఒక్కటి కొట్టింది. ఆయన నోరు మూసుకున్నారు. వెళ్ళేటప్పుడు దణ్ణం పెట్టడం తప్ప మళ్ళీ పెదవి కదపలేదు. "మనిషి మంచివాడిలాగే ఉన్నాడుగానీ, పెళ్ళాం గ్లాసు చప్పుడుకే హడలిపోయేట్టున్నాడు" అంది మా అమ్మ. "అయితే మన పిల్లకి తగ్గ ఇల్లే" అన్నాడు మా నాన్న. ముహూర్తం పెట్టేశారు.

కాపురానికి వెళ్ళిన మర్నాడే అసలు సంగతి బయటపడింది. క్వార్టరంటే ముందూ వెనకా రెండు గదులు, ఒక వంటిల్లు, దొడ్లో రేకుల స్నానాలగది. వంటింటి గట్టు కింద నుంచి స్నానాలగదిలోకి ఒక ఇనపగొట్టం పోయేది. మావగారు నీళ్ళు పోసుకుంటున్నారు. ఆ గట్టుమీద ఇనపకల్వంలో నేను వెల్లుల్లి దంచుతున్నాను. కొత్తకోడలిని గదా, బిడియంగా ఒకటి, రెండు, మూడు దెబ్బలేసి, చాలా, ఇంకా మెదపాలా అని అత్తగారి మొహంలోకి చూశాను. అంతే. దొడ్లో రేకు తలుపు ధడాలున తెరుచుకుంది. మావగారు తుండుగుడ్డ చుట్టుకుని, తలనిండా సబ్బు నురగతో, కళ్ళు మూసుకుని పరుగెత్తుకొచ్చారు. నేను కెవ్వుమన్నాను. అత్తగారు తాపీగా రోకలి నా చేతిలోంచి తీసుకుని, వంగి ఆ గొట్టం మీద రెండు కొట్టింది. ఆయన అలాగే వెనక్కి తిరిగి, తడుముకుంటూ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. "అమ్మాయ్, దంచితే ఆపకుండా దంచు, లేకపోతే నాలుగు దంచు. మూడు దంచి మాత్రం ఆగమాకు" అంది ఆవిడ, ఏమీ జరగనట్టు. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. తగ్గించాల్సిన అవసరం లేదని ఆ తర్వాత అర్థమైంది. మావగారికి మాట వినపడదు. వినపడదని ఆయన ఒప్పుకోరు. అందుకని ఇంటిల్లిపాదీ, కాలనీలో సగంమందీ, ఆయనకి వినపడుతున్నట్టే బతుకుతున్నారు.

బాయిలరు పనివాళ్ళకి చెవులు పోవడం ఆ రోజుల్లో మామూలే. బొగ్గు ఇంజన్లో నిప్పు మండే పొయ్యి ఒక చిన్నగది అంత ఉంటుంది, దాని గుమ్మం మాత్రం మన పాత వంటిళ్ళ కిటికీ అంత. బాయిలరు బాగుచేయాలంటే మనిషి ఆ గుమ్మంలోంచి తల ముందుగా దూరాలి. నిప్పు దింపేశాక కూడా ఆ ఇనుము చల్లారడానికి చాలా పొద్దు పట్టేదట. బళ్ళు ఆగవు గనక, పూర్తిగా చల్లారకుండానే తడిగోనె ఒంటికి చుట్టుకుని దూరేవాళ్ళు. లోపల సుత్తితో కొడుతుంటే ఆ మోత అన్ని గోడలకీ తగిలి చెవుల్లోకే వస్తుంది. ఏళ్ళతరబడి అలా దూరిన మనిషికి పెళ్ళాం మాట, పిల్లల ఏడుపు, వీధిలో కూరగాయలావిడ కేక ఒక్కొక్కటే దూరమైపోయాయి. దెబ్బ మాత్రం ఒంటికి తెలిసేది. ఇనుముని తాకుతూ కూర్చుంటే చాలు, అరికాల్లోంచో వెన్నులోంచో చప్పుడు లోపలికి పోయేది. అందుకే ఆయన ఎక్కడ కూర్చున్నా ఇనుము చూసుకుని కూర్చునేవారు. స్నానం చేసేటప్పుడు కూడా ఒక పాదం ఆ గొట్టానికి ఆనించే ఉండేది. షెడ్డులో బయట సాయంగా నిలబడ్డ ఖలాసీ, లోపల దూరిన మేస్త్రికి కొట్టి చెప్పే భాషే మా ఇంటి భాష కూడా అయింది. ఒకటంటే ఆగు. చుట్టాల ముందు "అంతేగా మరి" శ్రుతిమించినప్పుడు అత్తగారు కొట్టేది అదే. రెండంటే కానీ. అన్నానికి లేవండి, చొక్కా వేసుకోండి, మాట్లాడొచ్చు, అన్నీ అందులోనే. మూడంటే ఉన్న చోటునుంచి బయటికి. నా పిల్లలు అక్షరాలకంటే ముందు ఇది నేర్చుకున్నారు.

ఒక దసరాకి ఆయుధపూజ చూడ్డానికి మమ్మల్ని షెడ్డులోకి తీసుకెళ్ళారు. మా పల్లెలో ఎడ్లకి పసుపు రాసినట్టు అక్కడ ఇంజన్లకి రాశారు. చిమ్నీలకి అరటిపిలకలు, బంతిపూల దండలు, చక్రాల ముందు గుమ్మడికాయలు. పొగా, సాంబ్రాణీ, నూనె వాసనా కలిసి కళ్ళు మండాయి. తమిళం వాళ్ళు, ఒడిశా వాళ్ళు, గౌనులేసుకున్న ఆంగ్లో ఇండియన్ ఆడవాళ్ళు, అందరూ ఒకళ్ళ పిల్లలకి ఒకళ్ళు పులిహోర పెడుతున్నారు. మావగారు నన్ను ఒక ఇంజను దగ్గరికి తీసుకెళ్ళి, పొయ్యి గుమ్మం తెరిచి, చూడమన్నట్టు చెయ్యి చూపించారు. తొంగి చూస్తే చీకటి, ఆ చీకట్లోంచి మొహానికి సెగ. "లోపలికెళ్తే భయం వెయ్యదా మావయ్యగారూ?" అన్నాను. "అంతేగా మరి" అన్నారు నవ్వుతూ. పక్కనున్న ముసలి ఖలాసీ నాకు చెప్పాడు. "భయమెందుకమ్మా, బయట మేముంటాం గదా. మూడు కొట్టామంటే మేస్త్రిగారు చేతిలో పనెక్కడిదక్కడ వదిలేసి వచ్చేత్తారు. ఎందుకని అడగరు. అడిగేవోడు బాయిలర్లోకి పనికిరాడు. ఒకడు అడగబోయి కాళ్ళు కాల్చుకున్నాడు." ఆ మాట అప్పుడు తలూపి విన్నాను గానీ, దాని బరువు ఎంతో నాకు చాలా ఏళ్ళకి తెలిసింది.

ఆ షెడ్డు పుట్టుక గురించి అత్తగారికి ఆవిడ అత్తగారు చెప్పిన కథలుండేవి. మద్రాసు నుంచి, కలకత్తా నుంచి, నిజాం వైపు నుంచి, బందరు నుంచి వచ్చిన దారులన్నీ బెజవాడలో ముడిపడ్డాక, బళ్ళు ఆగడానికి, బొగ్గు పోసుకోడానికి, నీళ్ళు తాగడానికి, ఇంజను తల తిప్పుకోడానికి చోటు కావలసివచ్చిందట. ముళ్ళపొదలూ పాములూ ఉన్న ఆ నేలమీద పట్టాలు పరుచుకుంటూ పోయారు. షెడ్డు పక్కన వర్క్‌షాపు, వర్క్‌షాపు పక్కన యార్డు, యార్డు పక్కన మనుషులు. నేను కాపురానికొచ్చేనాటికి ఊరు దాని చప్పుడుకే లేచేది. సైరను మోగితే అత్తగారు ఎసరు పెట్టేది, మళ్ళీ మోగితే వార్చేది. కాలనీలో గడియారం ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా సైరను వినే గడియారం దిద్దుకునేవాళ్ళు. తెల్లచీర అనేది మా వీధిలో పండగకి తప్ప లేదు, ఆరేసిన బట్ట దులిపితే బొగ్గునుసి రాలేది. ఇంట్లో మాటలు కూడా షెడ్డువే. జ్వరం తగ్గకపోతే ఆవిరెక్కింది అనేవాళ్ళు. ఆసుపత్రిలో చేరితే ఓవర్‌హాలింగుకి వెళ్ళాడనేవాళ్ళు. మా నాన్న ఒకసారి నన్ను చూడ్డానికొచ్చి, పక్కింటాయన "మా మావగారిది పొయ్యి ఆర్పేశారండీ, ఇవాళే" అనగానే భుజమ్మీద కండువా తీసి, ఓదార్పు మాటలు మొదలెట్టాడు. ఆ మావగారు రిటైరయ్యి పక్కగదిలో ఉప్మా తింటున్నాడు.

తర్వాత కరెంటు స్తంభాలొచ్చాయి. మొదట ఎవరికీ ఏమీ అనిపించలేదు. యార్డుకి ఒక వైపు గుంతలు తవ్వి, స్తంభాలు పాతి, పైన తీగలు లాగారు. పిల్లలు తీగలమీద కాకులు చచ్చిపోతాయా లేదా అని పందేలేసుకున్నారు. కరెంటు ఇంజను చూడ్డానికి అందరం వెళ్ళాం. దానికి పొగ లేదు, బూడిద లేదు, డ్రైవరు చొక్కా ఇస్త్రీ నలగలేదు. "ఇది ఇంజనా, బీరువానా?" అంది అత్తగారు. ఆ బీరువాలకి వేరే షెడ్డు కట్టారు, వ్యాగన్ల పని ఊరవతల కొత్త వర్క్‌షాపుకి పోయింది. మా షెడ్డులో ఇంజన్లు ఒక్కొక్కటే తగ్గాయి. బూడిదగుంటల్లో గడ్డి మొలిచింది. ఒకరోజు సైరను మోగలేదు. అత్తగారు ఎసరు పెట్టకుండా గుమ్మంలో నిలబడింది. మర్నాడూ మోగలేదు. ఆ వారమంతా మా ఇంట్లో అన్నం పలుకన్నా తిన్నాం, ముద్దన్నా తిన్నాం. మావగారు ఇంటికి మసి అంటకుండా వచ్చేవారు. ఆవిడ ఆయన చొక్కా చేతిలోకి తీసుకుని, ఉతకాలా అక్కర్లేదా అని కాసేపు చూసి, ఎలాగైనా ఉతికేది.

అప్పుడు షెడ్డు మూసేస్తున్నట్టు కబురొచ్చింది. కొందరికి కరెంటు షెడ్డులో పని నేర్పుతారు, కొందరికి ఇక్కడే తేలికపని ఇస్తారు, ఇంకా బొగ్గు మండుతున్న షెడ్లు ఉత్తరాన ఎక్కడో ఉన్నాయి, ఇష్టమున్న బాయిలరు మేస్త్రులు అక్కడికి వెళ్ళచ్చు. మావగారు అన్నం దగ్గర తలెత్తకుండా, "నేను పేరిచ్చాను. అక్కడ ఇంకా వేడుందిట" అన్నారు. మా ఆయన ఈ వయసులో ఎందుకు నాన్నా అని చేతులు తిప్పుతూ అరిచారు. "అంతేగా మరి" అన్నారాయన, మజ్జిగ పోసుకుంటూ. కానీ వెళ్ళాలంటే ఆసుపత్రిలో పరీక్ష నెగ్గాలి. కళ్ళూ, గుండే, ముఖ్యంగా చెవులు.

మర్నాడు దొడ్లో అంట్లు తోముతూ అత్తగారు నాతో అంది. "నే వెంటెళ్తాననుకో. ఇంట్లో నేను కొడతా. షెడ్డులో ఎవరు కొడతారే? ఇక్కడి ఖలాసీలు ఆయన్ని కళ్ళలో పెట్టుకుని చూస్తున్నారు. ఆయనకి తెలీకుండానే ముందొకడూ వెనకొకడూ నడుస్తారు. అక్కడివాళ్ళకి ఆయన చెవిటాడని కూడా తెలీదు, ఈయన చెప్పడు. మూడు ఎవడు కొడతాడు?" అని, కాసేపు గిన్నె తోమి, "పోనీ ఆపుదామా అంటే, ఆ గడ్డి మొలిచిన షెడ్డు చూస్తా కూర్చుంటే ఇక్కడే చల్లారిపోతాడు మనిషి" అంది. ఆవిడ చేతిలో గిన్నె ఎప్పుడో తళతళలాడుతోంది, ఇంకా తోముతూనే ఉంది. ఆ రెండిట్లో ఏది మంచిదో నాకు ఈనాటికీ తెలియదు.

పరీక్షకి వెళ్ళేరోజు పొద్దున ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో ఆగి, అత్తగారితో "నువ్వూ రా" అన్నారు. అన్నేళ్ళలో తనకి వినపడదని ఆయన ఒప్పుకున్నది ఆ రెండు మాటల్లోనే. ఆవిడ క్యారియరు సర్దింది. అది మోయడానికి నేను. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. మా ఆయనకి కాస్త నీరసం బాబూ, పక్కనే కూర్చుంటానని అత్తగారు అంటే సరేనన్నాడు. గదిలో పొడుగాటి ఇనపబల్ల ఉంది. ఆ చివర బల్లకి చెయ్యానించి మావగారు, ఈ చివర అత్తగారు, తలుపు దగ్గర క్యారియరుతో నేను. డాక్టరు రెండు కొమ్ముల ఇనపచువ్వ ఒకటి చూపించి, చప్పుడు తెలిస్తే చెయ్యెత్తమని సైగచేసి మరీ చెప్పి, ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చువ్వ మోగించి కుడిచెవి దగ్గర పెట్టాడు. చీర కుచ్చిళ్ళ కింద అత్తగారి కాలు కదలడం నాకు కనపడింది. కాలి మెట్టెతో బల్లకాలు మీద, వినీ వినపడకుండా, రెండు కొట్టింది. కానీ. మావగారు ఠీవిగా చెయ్యెత్తారు. డాక్టరు చువ్వ మెల్లిగా మోగించి దూరంగా పెట్టాడు. మళ్ళీ రెండు. మళ్ళీ చెయ్యి. "ఈ వయసులో చాలా బావుందండీ" అన్నాడు డాక్టరు. మావగారి మొహం దసరానాటి మొహంలా ఉంది. ఆయన ఆ ఉత్తరాది షెడ్డులోకి అప్పుడే వెళ్ళిపోయారని, గోనె తడుపుకుంటున్నారని నాకనిపించింది. అత్తగారు కూడా ఆ మొహమే చూస్తోంది. డాక్టరు ఎడమచెవి వైపు వచ్చాడు. చువ్వ మోగించాడు. ఆవిడ కాలు కదల్లేదు. తర్వాత కదిలింది. ఒకటి. రెండు. మూడు.

మావగారు లేచి, బల్ల తప్పుకుని, నన్ను దాటుకుని వరండాలోకి నడిచి వెళ్ళిపోయారు. "ఏమండీ, ఇంకా అవలేదండీ! ఏమండోయ్!" అని డాక్టరు వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. ఆయన తిరగలేదు. ఎలా తిరుగుతారు? డాక్టరు చువ్వ దించి, "ఎన్నాళ్ళనుంచమ్మా?" అన్నాడు మెల్లిగా. "చాలా ఏళ్ళయింది బాబూ. నేనే కొడతా నెట్టుకొస్తున్నా" అంది అత్తగారు. డాక్టరు బెదిరిపోయి ఆవిడ చేతుల వైపు చూశాడు.

వరండా చివర బెంచీమీద ఆయన కూర్చుని ఉన్నారు. మేం వెళ్ళి చెరోపక్క కూర్చున్నాం. ఆయన ఆవిడ మొహంలోకి చూశారు, చాలాసేపు. లోపల ప్రమాదమేమీ లేదని ఆయనకి తెలుసు. ఆవిడ కావాలని కొట్టిందనీ తెలుసు. కోపంగా అడుగుతారని, కనీసం ఎందుకని అడుగుతారని నేను చూస్తున్నాను. అడగలేదు. క్యారియరు వైపు చెయ్యి చాపారు. దోసావకాయా, పెరుగన్నం. ఆవిడ కలిపి పెడుతూ, మూతి ఆయనకి కనపడేలా వంగి, "ఉప్పు సరిపోయిందా?" అంది. "అంతేగా మరి" అన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

ఆయనకి షెడ్డు సామాన్ల దగ్గర తేలికపని ఇచ్చారు. తేలికపనంటే, తను బాగుచేసిన ఇంజన్లని గ్యాసుమంటతో కోసి తుక్కు లారీల్లోకి ఎక్కిస్తుంటే చూస్తూ ఉండటం. రోజూ వెళ్ళేవారు, రోజూ వచ్చేవారు. ఇంట్లో ఎప్పటిలాగే రెండు కొడితే అన్నానికి లేచేవారు. రిటైరయ్యి క్వార్టరు వదిలాక, మేం తీసుకున్న ఇంటికొచ్చి మాతోనే ఉన్నారు. మనవల పెళ్ళిళ్ళు చూశారు. సత్యనారాయణపురంలో రైలు పట్టాలుండే చోట బస్సుల రోడ్డు వేస్తే దానిమీద చేతికర్రతో ఒకసారి నడిచి, ఇనుము తగలనందుకేమో, విసుక్కుని తిరిగొచ్చారు. బయటికి అంతా బాగానే ఉంది. కానీ అత్తగారు ఎప్పుడైనా, ఏ పప్పు ఏరుతూనో, ఉన్నట్టుండి నన్నడిగేది. "తప్పు చేశానంటావా అమ్మాయ్? బయటికి లాగానా, లాక్కొచ్చి చల్లార్చానా? ఒక్కసారైనా ఎందుకని అడిగితే చెప్పుకుందును. అడగడే!" ఆయన ఎందుకు అడగరో ఆవిడకి నాకంటే బాగా తెలుసు. మూడు కొడితే అడగకూడదు. ఆ నియమాన్ని ఆయన ఆవిడపట్ల కూడా పాటించారు, అది క్షమించడమో కాదో తెలియక ఆవిడ ఏళ్ళతరబడి మథనపడింది.

చివరికి ఆయన ఆసుపత్రిలో పడ్డారు. ఇనపమంచం. ఊపిరి మాత్రం వస్తూ పోతూ ఉండేది, కళ్ళు తెరిచేవారు కాదు. డాక్టర్లు ఇక ఇంతేనన్నారు. అత్తగారు స్టూలు వేసుకుని మంచం పక్కనే కూర్చుంది. మేం ఆయన చెవి దగ్గర నాన్నా, తాతయ్యా అని పిలుస్తుంటే, ఆవిడ మాత్రం మంచంకోడు మీద మెట్టెతో రెండు కొడుతూ ఉండేది. కానీ, కానీ. రోజులు గడిచాయి. ఆయనకి ఊపిరి తీయడం కష్టమైపోయింది. చూడలేకపోయేవాళ్ళం. ఒక మధ్యాహ్నం, ఒకప్పుడు షెడ్డు సైరను మోగే వేళకి, గదిలో ఆవిడా నేనూ మాత్రమే ఉన్నాం. ఆవిడ కొట్టడం మానేసింది. "నావల్ల కాదే. మూడు ఒకసారి కొట్టింది చాలు" అంది నాతో. నాకర్థమైంది. ఏడుపొచ్చింది. అప్పుడు మంచం పట్టెమీద ఉన్న ఆయన చెయ్యి కదిలింది. వేలికున్న ఇత్తడి ఉంగరం ఆ ఇనుముకి తగిలింది. ఒకటి. ఆగి, ఇంకొకటి. అంతే. రెండు. మా ఇంట్లో ఎప్పుడూ ఆవిడ కొట్టడం, ఆయన వినడమే. ఆయన కొట్టగా నేను విన్నది అదొక్కసారే.

కానీ, అన్నారాయన.

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. పాదం మంచంకోడుకి ఆనించి, మెట్టెతో మూడు కొట్టింది. ఆ మెట్టెలు ఆవిడ కాలికి ఉండటం ఆ రోజుతో ఆఖరు. ఎప్పటిలాగే ఆయన ఎందుకని అడగలేదు. పొద్దు వాలకముందే వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆవిడ బతికిన నాలుగేళ్ళలో, తప్పు చేశానంటావా అని నన్ను మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు.

మేడమీద పానా అతను మూడు కొట్టాడు. ట్యాంకు మూతలోంచి తల బయటికొచ్చింది, తడిసి ముద్దై, వెలుగుకి కళ్ళు చికిలించుకుంటూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. ఇద్దరికీ మజ్జిగిచ్చాను. కాకి తినగా మిగిలిన వడియాలు ఏరుకుని కిందికి దిగాను. మా ఆయన పేపరు చదువుకుంటున్నారు. ట్యాంకు కడగడం అయిపోయింది, మోటారు వెయ్యనా అన్నాను. "అంతేగా మరి" అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా. ఈ మధ్య ఏమడిగినా అదే జవాబు. కాసేపు ఆయన్నే చూస్తూ నిలబడి, వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ తీసుకొచ్చి, ఆయన కూర్చున్న కుర్చీ ఇనపచేతిమీద మెల్లిగా రెండు కొట్టాను. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూసి, చిన్నప్పటి ఇంట్లోకి వెళ్ళొచ్చినట్టు నవ్వారు. కాలం ఎవరినీ కేకేసి పిలవదు. రోజూ మన పక్కన కూర్చుని రెండు కొడుతూనే ఉంటుంది, కానీ, కానీ అని. ఆ చప్పుడుకి అలవాటుపడిపోయి మనం దాన్నే నిశ్శబ్దం అనుకుంటాం.